సమాధి లేని సిపాయిలు

యుద్ధచరిత్రలలో సేనానులకు పేళ్లు గలవు. మడిసిన సిపాయిలకు సంఖ్య మాత్రమే గలదు. ఆ సంఖ్యను విడదీసి, వీడు ఫలాని యూరివాడు, ఫలానివారి కుమారుడు అని తేల్చుట స్థానికచరిత్రకారుని పని. ఇంగ్లండునందు గ్రామచరిత్ర వ్రాయువా రనేకు లీ పనికై శ్మశానమునకు బోవుదురు. దానికి గారణము గలదు. 1914లో ఆరంభమైన మహాయుద్ధమున, మరుసటి యేటనే, మృతుల కళేబరములను స్వదేశమునకు దెచ్చుట నిలిపివేయబడెను. కుమారుని శవమైనను దక్కని తలిదండ్రులు తమ కుటుంబసమాధి రాతిమీదనే వాని పేరును, మడిసిన చోటును, తేదీని జెక్కించుకొనిరి. గ్రామస్మారకమున ఇంటిపేరును పొడియక్షరములును మాత్రమే యున్నప్పుడు, ఆ సిపాయి యెవడో ఈ రాయి చెప్పును. స్మారకమున కెక్కని పేరు సయిత మొక్కొకచో నచట దొరకును.

1917లో యుద్ధసమాధులకై ఒక సంఘ మేర్పడెను. 1960 మొదలు దానికి కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమని పేరు. ధనికునకు పెద్దరాయి, దరిద్రునకు చిన్నరాయి యుండరాదు. అధికారికిని సిపాయికిని ఒక్కటే గౌరవము అనునది దాని నియమము. నియమ ముత్తమమైనదే, ఆచరణము మాత్రము దేశమునుబట్టి మారెను. ఫ్రాన్సులో న్యూషాపెల్ యొద్ద 1927లో ఆవిష్కరింపబడిన స్మారకమున 4,700కు పైబడిన భారతీయుల పేళ్లు గలవు. ఇరాకులోని బస్రా స్మారకమునందో, బ్రిటిషు సిపాయిల పేళ్లు రాతి కెక్కెను; భారతీయులలో అధికారుల పేళ్లు మాత్రమే యెక్కెను; తక్కినవారు పటాలమునకు ఇందఱని లెక్కగా మిగిలిరి. 2021లో ఆ సంఘము తానే విచారణ జరిపించి ఈ భేదమును బాహాటముగా నంగీకరించెను. 45,000 మొదలు 54,000 వఱకు భారతీయులు, ఆఫ్రికావారు, ఈజిప్టువారు అసమానముగా స్మరింపబడిరనియు, ఇంకను 1,16,000కు తక్కువ కాని జనము, విశేషముగా ఆఫ్రికా ఈజిప్టు దేశస్థులు, పేరైనను లేక పోయిరనియు ఆ నివేదిక తేల్చెను.

పరుల పక్షపాతమును నిందించుట సులభము. కులమునకొక శ్మశానము కేటాయించుకొన్న మనము ఆ నివేదికను జదువునప్పుడు తల వంచుకొనవలసిన కారణము మనయొద్దను గలదు.

మనకు వేఱొక చిక్కును గలదు. సమాధి చేయు కులములు లేకపోలేదు గాని, హిందువులలో దహనమే విశేషాచారము. అస్థికలు నదిలో గలియును. పేరు చెక్కుటకు రాయి మిగులదు. ఇంగ్లండులో బ్రైటను చేరువ కొండమీద 53గురు హిందూ సిక్కు సిపాయిలకు దహనసంస్కారము జరిగెను. 1921లో అచట పాలరాతి ఛత్రి వెలసెను. కాని వారి పేళ్లు రాతి కెక్కుట 2010లో గాని జరుగలేదు. 1944లో ఘోరయుద్ధము జరిగిన కొహిమాలో, దహింపబడిన 917గురు హిందూ సిక్కు సైనికుల పేళ్లకై ప్రత్యేకస్మారకము నిలిపిరి. దహనాచారము పేరు దాచుటకు సాకు కాజాలదని ఇది నిరూపించుచున్నది.

మన పూర్వు లీ విషయమున మనకంటె మేలు. ఆలమందలను గాచుచు, ఊరికొఱకు బోరి కూలినవానికి వారు వీరగల్లు నిలిపిరి. కారెంపూడిలో నేటికిని ఏటేట కార్తికమాసమున పల్నాటి వీరులను గొలుచుచున్నారు. కథలో బ్రహ్మనాయని పక్షమున బోరిన మాల కన్నమదాసు నా వీరులలో నొకడు. మహాయుద్ధముల సిపాయిలకు మనలో నట్టి కొలువులు మిక్కిలి యరుదు. తాడేపల్లిగూడెము చేరువ మిలిటరీ మాధవరమని పేరుగన్న యూరివంటిచోట్ల జనము తమవారిని మఱువలేదు. తక్కిన యూళ్ల మాట యేమి?

రాయి లేనిచోట ఇల్లే రాయి. 1914 నాటి యుద్ధపతకము పెట్టె యడుగున నున్నచో, దాని అంచున నంబరు, పదవి, పేరు, పటాలము చెక్కబడి యుండును. మృతుల బంధువుల కిచ్చిన గుండ్రని కంచుబిళ్ళమీద పదవి లేక పేరు మాత్రమే యుండును. పింఛను కాగితమున భార్య పేరో, తండ్రి పేరో దొరకును. అన్నిటికంటె ముఖ్యమైనది తద్దినపు తిథి. దానిని పంచాంగముతో సరిపోల్చి ఇంగ్లీషుతేదీ కట్టవచ్చును. అయినను మరణదినము తెలియనప్పుడు వార్త చేరిన దినమునో, అమావాస్యనో తిథిగా గైకొను నాచారము గలదు; కావున తిథిని సంఘమువారి పట్టికతో సరిచూడక నిశ్చయింపరాదు. ఆ పట్టికలో తెలుగుపేళ్లు ఇంగ్లీషు గుమాస్తాల చేతిలో వికృతములై, ఇంటిపేళ్లు జాఱిపోయి యుండును. పేరుకంటె తండ్రిపేరు, ఊరు, తాలూకా చూచి వెదకుట మేలు.

ఈ పనికి పండితులక్కఱలేదు. బడిపిల్లలు, స్త్రీసమాజములు ఊరూర నొక పుస్తకము పెట్టి, ఇంటింట నడిగి వ్రాసికొనిన జాలును. ఇంటి పెద్దముత్తైదువలను, వితంతువులను ముందుగా నడుగవలెను. తిథులు జ్ఞాపకముంచుకొన్నది వారే. తుపాకి పట్టినవానితోపాటు మూట మోసినవానిని, కంచరగాడిదలను దోలినవానిని, వంట చేసినవానిని గూడ ఆ పుస్తకమున జేర్పవలెను. ఒక్కటే వరుస యుండవలెను. పదవినిబట్టి, కులమునుబట్టి వేఱు పుటలు పెట్టరాదు. బస్రారాయి చేసిన తప్పును మన చేతివ్రాతయు చేయకుండు గాక.