అత్యవసర మాత్రకు యాంటీబయాటిక్‌లు అడ్డమా?
క్షయ మందు వాడేవారికే ముప్పు. మిగిలిన వారికి భయం అక్కర్లేదు

కొత్తపల్లె (ఆళ్లగడ్డ): జ్వరానికో, పంటినొప్పికో యాంటీబయాటిక్‌లు వాడుతున్న సమయంలో అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకుంటే పనిచేస్తుందా అన్న సందేహం ఎందరో మహిళలను వేధిస్తోంది. మందుల దుకాణంలో నలుగురి మధ్య అడగడానికి బిడియం అడ్డొస్తుంది. సాధారణంగా వాడే యాంటీబయాటిక్‌లు ఈ మాత్ర ప్రభావాన్ని తగ్గించవు. క్షయ చికిత్సలో ఇచ్చే రిఫాంపిసిన్, దాని కోవకు చెందిన మందులు మాత్రమే ఇందుకు మినహాయింపు. ఈ తేడా తెలియక కొందరు అవసరమైన మాత్రను మానేస్తే, మరికొందరు చాలని మోతాదు వేసుకుని ధీమాగా ఉండిపోయే ప్రమాదముంది.

మాత్ర చేసే పని
ఈ మాత్రలో లెవోనోర్‌జెస్ట్రెల్ అనే హార్మోను 1.5 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇది అండం విడుదలను వాయిదా వేసి గర్భం రాకుండా చూస్తుంది. అప్పటికే నిలిచిన గర్భాన్ని తొలగించదు. కలయిక జరిగిన 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. వైద్యుడి చీటీ లేకుండా దీనిని విక్రయించేందుకు 2005లో అనుమతి లభించింది. ఆశా కార్యకర్తల ద్వారా గర్భనిరోధక సాధనాలను ఇంటికే చేర్చే పథకాన్ని కేంద్రం 2011లో ప్రారంభించినప్పుడు ఈ మాత్రనూ అందులో చేర్చి, ధర రూ.2గా నిర్ణయించింది.

అపోహకు మూలం
రిఫాంపిసిన్ వాడుతున్న స్త్రీలలో రోజువారీ గర్భనిరోధక మాత్రలు విఫలమవుతున్నట్లు 1970వ దశకం ఆరంభంలో జర్మనీ వైద్యులు గమనించారు. తర్వాత ఇతర యాంటీబయాటిక్‌లపైనా అనుమానం పాకింది. పేగుల్లోని సూక్ష్మజీవులు నశిస్తే ఈస్ట్రోజెన్ హార్మోను తిరిగి రక్తంలోకి చేరదని భావించారు. అనంతర పరిశోధనలు దీనిని బలపరచలేదు. పైగా అత్యవసర మాత్రలో ఈస్ట్రోజెన్ ఉండనే ఉండదు. బ్రిటన్‌లోని గర్భనిరోధక వైద్య నిపుణుల సంస్థ 2011లో తన పాత హెచ్చరికను ఉపసంహరించుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలూ ఇదే చెబుతున్నాయి. అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్ వాడుతున్నవారు మామూలు మోతాదే వేసుకోవచ్చు.

రిఫాంపిసిన్‌తో చిక్కు ఇదీ
మందులను విచ్ఛిన్నం చేసే కాలేయపు ఎంజైములను రిఫాంపిసిన్ ఉత్తేజపరుస్తుంది. ఫలితంగా హార్మోను త్వరగా కరిగిపోయి, రక్తంలో దాని పరిమాణం బాగా పడిపోతుంది. ఈ ప్రభావం మందు మానేసిన తర్వాత కూడా నాలుగు వారాల వరకు ఉంటుంది. క్షయకు సాధారణ చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు మూడు మందులు ఇస్తారు. రెండు దశల్లోనూ రిఫాంపిసిన్ ఉంటుంది. అంటే దాదాపు ఏడు నెలలపాటు జాగ్రత్త తప్పదు.

క్షయ రోగి ఇంట్లోని ఆరోగ్యవంతులకు ముందుజాగ్రత్తగా వారానికోసారి ఇచ్చే చికిత్సలోని రిఫాపెంటిన్ కూడా ఈ కోవలోనిదే. తమకు జబ్బు లేదు కదా అని వీరు ఈ సంగతి చెప్పడం మరిచిపోతుంటారు. కుష్ఠు చికిత్సలోనూ నెలకోసారి రిఫాంపిసిన్ ఇస్తారు కనుక వారు వైద్యుడిని సంప్రదించాలి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ యాంటీబయాటిక్‌లు కాకపోయినా ఇదే ప్రభావం చూపుతాయి. మందు పేరు తెలియనివారికి ఒక గుర్తు: రిఫాంపిసిన్ వాడితే మూత్రం నారింజ రంగులోకి మారుతుంది.

మరి చేయాల్సిందేమిటి?
* క్షయ మందు వాడుతున్నవారికి కాపర్-టి అన్నింటికన్నా నమ్మకమైన మార్గం. కలయిక జరిగిన అయిదు రోజుల్లోపు వేయించుకోవాలి. హార్మోను లేనందున ఏ మందూ దానిని అడ్డుకోలేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన సిబ్బంది ఉచితంగా వేస్తారు.
* అది వీలుకాకపోతే లెవోనోర్‌జెస్ట్రెల్ రెట్టింపు మోతాదు, అంటే 3 మిల్లీగ్రాములు ఒకేసారి తీసుకోవాలని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2016లో సూచించింది. వైద్యుడిని అడిగి వేసుకోవడం మంచిది. అలాగని గడువు దాటే వరకు ఆగకూడదు.
* మాత్ర కోసం క్షయ మందు ఆపరాదు. ఆపినా ఎంజైముల ప్రభావం వెంటనే పోదు; జబ్బు మాత్రం మొండికేస్తుంది.
* యాంటీబయాటిక్ వల్ల కడుపులో తిప్పి, మాత్ర వేసుకున్న రెండు మూడు గంటల్లో వాంతి అయితే మరో మాత్ర వేసుకోవాలి.
* నెలసరి వారానికి మించి ఆలస్యమైతే గర్భ నిర్ధారణ పరీక్ష చేయించుకోవాలి.
* ఈ మాత్ర సుఖవ్యాధుల నుంచి రక్షణ ఇవ్వదు. క్షయ చికిత్స కాలమంతా కండోమ్, కాపర్-టి, లేదా మూడు నెలలకోసారి ఇచ్చే ‘అంతర’ ఇంజెక్షన్‌ను ఎంచుకోవచ్చు.

గర్భనిరోధక సాధనం విఫలమై గర్భం వస్తే 20 వారాల వరకు చట్టబద్ధంగా తొలగించుకునే వీలుంది. 2021 సవరణతో ఈ అవకాశం అవివాహితలకూ వర్తించింది. వివరాలను వైద్యులు గోప్యంగా ఉంచాలి. మాత్ర కొనేముందు ‘క్షయ మందు వాడుతున్నాను’ అన్న ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట దుకాణంలో చెప్పలేనివారు ఏఎన్ఎంకు గానీ, క్షయ నివారణ కార్యక్రమం ఉచిత ఫోన్ 1800-11-6666కు గానీ చెప్పవచ్చు.