పట్టాలో ఒక్క పేరు

రైతువారీ పద్ధతియందు సర్కారువారు నడుమ మఱియొకరు లేకుండ రైతుతోనే లెక్క చూచుకొందురని మనము పాఠశాలలో చదివితిమి. ఆ రైతెవరను ప్రశ్న మాత్రము ఏ పాఠమునను కానరాదు. కడప మండలమున, పూర్వపు పులివెందుల తాలూకాలోని వేంపల్లె వంటి గ్రామమును తలచుకొందము. పాపఘ్ని నది గండి యొద్ద కొండలను చీల్చుకొని యీ ప్రాంతమునకు వచ్చుచున్నది. ఏటిలో నీరు పాఱు దినములు కొన్నియే; తక్కిన దినములందు బావియే దిక్కు. మోటార్లు రాకపూర్వము ఆ బావిమీద కపిల తోలువాడు అన్న, మడవ కట్టువాడు తమ్ముడు. కలుపు తీయునది, విత్తనము దాచునది, ఎద్దులకు చొప్ప వేయునది ఇంటి కోడలు. రాత్రి చేనికి కావలి యుండువాడు ముసలితండ్రి. ఇందఱి చెమటతో పండిన పంటకు పట్టాలో నున్న పేరు ఒక్కటి.

శిస్తు కట్టవలసి వచ్చినపుడు ఇంటిల్లిపాదియు కట్టువారే. సర్కారునుండి ఏదేని రావలసి వచ్చినపుడు ఆ యొక్క పేరుగలవాడే తీసికొనువాడు. ఈ వ్యత్యాసము నిన్న మొన్నటిది కాదు.

1792 సంధిచే టిప్పుసుల్తాను నుండి నిజాము చేతికి వచ్చిన యీ సీమను, తన రాజ్యమున నిలిపిన కుంపిణీ సేన వ్యయమునకై నిజాము 1800 అక్టోబరులో ఇంగ్లీషు కుంపిణీకి ఇచ్చివేసెను. అందుచే దత్తమండలములను పేరు వచ్చినది. 1928లో నంద్యాల సభయందు రాయలసీమ యను పేరు పెట్టుకొని ఆ పాతపేరును తొలగించుకొంటిమి. పేరు మార్చుకొన్నంత సులభముగ పట్టా వ్రాయు రీతిని మార్చుకొనలేకపోతిమి.

ఈ సీమకు ప్రధాన కలెక్టరుగ వచ్చిన తామస్ మన్రో 1800 మొదలు 1807 వఱకు నిచట పనిచేసెను. 1802లో ఆయన పొలముల కొలత మొదలుపెట్టించెను. ముప్పదిమూడడుగుల గొలుసుతో కొలిచి, నలువది చదరపు గొలుసులను ఒక ఎకరముగ లెక్కించిరి. మెట్ట, మాగాణి, తోట యని విభజించి, మన్నునుబట్టి తరములేర్పఱచి, ఒక్కొక్క చేనికి శిస్తు నిర్ణయించిరి. ఇంత శ్రద్ధతో మంటిని కొలిచినవారు మనుష్యులను కొలుచుట మఱచిరి. చేను దున్నువారెందఱు, ఎవరి పాలెంత యను గళ్లు ఆ లెక్కలలో లేవు. ఇంటి యజమాని పేర పట్టా. ఆయన ముచ్చలిక వ్రాసియిచ్చును. కిస్తుకు కిస్తు ఆయన పేరనే రశీదు.

మన ధర్మశాస్త్రము మాత్రము పాళ్లు ఎఱుగనిది కాదు. విజ్ఞానేశ్వరుని మితాక్షర ప్రకారము కొడుకునకు పుట్టుకతోనే తండ్రి ఆస్తియందు హక్కు. ఆ గ్రంథమును కేతన పదుమూడవ శతాబ్దిలోనే తెలుగు చేసెను. కావున ఇంటిలోపల ఒక చట్టము, కచ్చేరీలో ఒక లెక్క. ఒకే చేను లోపల నలుగురిది, బయట ఒకనిది.

మన్రో నిర్ణయించిన శిస్తు తేలికయైనది కాదు. పంటలో సుమారు నూటికి నలువదియైదు వంతులు సర్కారునకు పోవుచున్నవని ఆయనయే లెక్కకట్టి, మూడవ వంతుకు మించి తీసికొనరాదని 1807లో వ్రాసెను. శిస్తులో నూటికి ఇరువదియైదు తగ్గింపవలయుననియు, బావినీటి పొలములకు మఱి ఎనిమిది తగ్గింపవలయుననియు ఆయన కోరెను. పైవారు వినలేదు. పైగా రైతువారీనే విడిచి 1808లో మూడేండ్లకు, అటుపై పదేండ్లకు గ్రామములను గుత్తకిచ్చిరి. గుత్తదారులలో ననేకులు దివాలా తీసిరి. రైతులు అంతకుముందే చితికిరి. 1820లో మన్రో మదరాసు గవర్నరై వచ్చిన తరువాతనే రైతువారీ తిరిగి నెలకొని, ఆ తగ్గింపు ఆచరణకు వచ్చినది. 1827 జూలైలో పత్తికొండ యొద్ద ఆయన విశూచితో మరణించినపుడు జనులు దుఃఖించిరి. ఈ సీమలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొన్నారు. ఆ కృతజ్ఞత అకారణమని మేమనజాలము. అయినను, ఊరిలో ఒకడు శిస్తు కట్టలేక పాఱిపోయినచో ఆ బాకీని సుమారు పదియవ వంతు మేర తోడి రైతుల నెత్తిన వేయు పద్ధతియు ఆయన కాలమున నుండెనని మఱవరాదు. భారము విషయమున ఊరంతయు ఒక కుటుంబమే! హక్కు విషయమున కుటుంబము సైతము ఒక మనుష్యుడే.

వసూలు జరిగిన తీరును గూర్చి ఎక్కువ చెప్పుట మాకిష్టము లేదు. 1855లో మదరాసు రాజధానియందు హింసలను విచారించిన సంఘమువారి నివేదిక చాలును. వ్రేళ్లను కొయ్యచెక్కల నడుమ బెట్టి నొక్కుట, ఎండలో నడుము వంచి నిలుపుట మొదలగు పనులను శిస్తు రాబట్టుటకై క్రిందియుద్యోగులు చేయుచుండిరని అందు తేలినది. 1864లో వచ్చిన బాకీ వసూలు చట్టము ఆస్తిని పట్టుకొన్నది. బాకీపడిన భూమిని జప్తుచేసి వేలము వేయవచ్చును. కొన్నవానికి అది మఱి యే తాకట్టు భారమును లేక చేరును. పట్టాదారుడైన అన్న శిస్తు సొమ్మును త్రాగుడునకో వ్యాజ్యమునకో పోగొట్టెననుకొందము. కిస్తు కట్టలేదని దండోరా వేసినపుడే తమ్మునికి సంగతి తెలియును. భూమియందు హక్కుగలదని చెప్పుకొనువాడు బాకీ చెల్లించి జప్తునుండి విడిపించుకొనుటకు చట్టములో దారి యున్నది. అనగా తన పాలు తనదని చెప్పుకొనుటకు తమ్ముడు అన్న బాకీని కూడ కట్టవలెను.

ఇక సర్కారు ఇచ్చినదానిని చూతము. కడప సీమలో నిట్టి దానములలో మిక్కిలి పాతది, మా దృష్టిలో మిక్కిలి తెలివైనది, దశబంధము. చెఱువునో బావినో కాలువనో తన ఖర్చుతో కట్టినవానికి, దానిక్రింద సాగగు భూమిలో గాని రాబడిలో గాని పదియవ వంతు వంటి భాగమును విడిచియిచ్చుట దీని స్వరూపము. ప్రత్యేకముగ ఒక చెక్కను విడిచినచో ఖండ దశబంధము. ఆయకట్టు మొత్తపు రాబడిలో భాగమిచ్చినచో షామిలాతు దశబంధము. విజయనగరపు శాసనములలోనే ఈ మాట కనబడుచున్నది. చెఱువుల విషయమున ఆ కాలపువారి శ్రద్ధ యెట్టిదో తెలియగోరువారు ఇదే మండలములోని పోరుమామిళ్ల చెఱువు శాసనమును చూడవచ్చును. 1369 నాటి ఆ శాసనమున, చెఱువు కట్టుటకు కావలసిన లక్షణములు, తగని దోషములు ఏకరువు పెట్టబడియున్నవి. దినమునకు వేయిమంది కూలీలు రెండేండ్లు పనిచేసిరని అందున్నది.

దశబంధములోని కిటుకేమనగా, అది ఒక్కమాఱు పుచ్చుకొని మఱచు బహుమానము కాదు. కట్టను కాపాడునంతవఱకే ఈనాము నిలుచును. తూము చెడి చెఱువు తెగినపుడు బాగుచేయనిచో సర్కారు దానిని తిరిగి తీసికొనవచ్చును. తాత కట్టిన చెఱువునకు ముగ్గురు కొడుకులు, తొమ్మండుగురు మనుమలు పాలివారగుదురు. ఫలమును తొమ్మిది పాళ్లుగ పంచుకొనుట సులభము. గండి పడినపుడు మట్టిమోయు వంతు వచ్చుసరికి ఒక్కడైన నెదుట నుండడు. కుటుంబ భాగస్వామ్యమునకు ఇంతకంటె కఠినమైన పరీక్ష మఱియొకటి లేదు.

1858లో ఏర్పడిన ఈనాము కమిషను ఈ హక్కులన్నిటిని విచారించినది. మొదటి కమిషనరు టేలరు. గ్రామ గ్రామమునకు ఉద్యోగులు పోయి, పాత సన్నదులను, కరణముల లెక్కలను, అనుభవమును పరిశీలించి, మొదట ఎవరికిచ్చిరి, ఇపుడెవరి అనుభవములో నున్నదని రిజిస్టరులలో కెక్కించిరి. సన్నదు చెదలు తిన్నను చిరకాలానుభవము రుజువైనచో హక్కు నిలిచినది. ఆ రిజిస్టరులు నేటికిని న్యాయస్థానములలో సాక్ష్యముగ పనికివచ్చుచున్నవి. ఆ దినమున చావడికి పోయి తన పేరు చెప్పినవాని మనుమలకు నూటయేబదియేండ్ల తరువాత ఆధారము దొరకుచున్నది. పెద్దన్న పోయినాడు చాలునని ఇంటనుండిన తమ్ముని సంతతికి మాటలు తప్ప మఱేమియు లేవు.

తక్కావి కథ వేఱు. విత్తనములకు, ఎద్దులకు, బావులకు సర్కారు అప్పిచ్చు ఆచారము కుంపిణీకి పూర్వము నుండియు కలదు. 1876-78 సంవత్సరముల ధాత కరువులో ఈ సీమ ఎండి జనము రాలిన పిదప, అప్పులను చట్టబద్ధము చేయవలసిన అవసరము తోచినది. 1883లో భూమి బాగుచేయుటకును, 1884లో సేద్యపు టవసరములకును వేర్వేఱు చట్టములు వచ్చినవి. మొదటిదానిలో ఒక నిబంధన మమ్ములను ఆశ్చర్యపఱచినది. పలువురు కలిసి అప్పు తీసికొన్నచో సర్కారునకు అందఱును ఉమ్మడిగ బాధ్యులే. కాని వారిలో వారికి ఎవరి వంతెంతయో ఆ యుత్తరువు మీదనే వ్రాసి, అందఱును సంతకములు చేసినచో, ఆ వ్రాతయే వారి నడుమ తిరుగులేని సాక్ష్యమగును. పొత్తు సేద్యమునకు కావలసిన ధర్మమంతయు ఈ ఒక్క నిబంధనలో నున్నది. పరాయి దొరలు మనకొఱకు ఇంత యోచించిరి. మనము దీనినెంత వాడుకొంటిమి? అన్నదమ్ములు కాగితము వ్రాసికొన్నచో లోకము నవ్వునట! పదేండ్ల తరువాత జిల్లా కోర్టులో వకీళ్ల యెదుట ఒకరినొకరు దూషించుకొన్నపుడు లోకము నవ్వదా?

స్త్రీల విషయమున ఈ మౌనము మఱింత క్రూరమైనది. 1937లో హిందూ వితంతువునకు భర్త పాలు ఇచ్చు చట్టము వచ్చినపుడు సంస్కారప్రియులందఱు సంతోషించిరి. కాని 1941లో ఫెడరల్ న్యాయస్థానము, రాష్ట్రముల అధికారములోనిదగు వ్యవసాయ భూమికి ఆ చట్టము వర్తింపదని తేల్చెను. పొలము తప్ప ఆస్తి లేని పల్లెటింటి వితంతువునకు ఆ హక్కుచే నేమి లాభము? మదరాసు శాసనసభ దానిని వ్యవసాయ భూములకు 1947లో విస్తరించుదనుక పదియేండ్లు గడచినవి. కూతులు కొడుకులవలె పుట్టుకచే హక్కుదారులగుట ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు నుండి. దేశమంతటను 2005 నుండి. నలువదియేండ్లుగ చట్టమున్నను, తండ్రి పోయిన పిదప పాసుపుస్తకమునకు దరఖాస్తు పెట్టునపుడు ఆడపడుచులచే వదులుకొన్నట్లు సంతకము చేయించుకొని, చీరసారెలతో పంపుట మర్యాదగల యిండ్లలోనే చూచుచున్నాము.

పన్నుల చట్టములును కుటుంబమును తమకనువైన రీతిని చూచినవి. 1886 చట్టము మొదలు సేద్యపు రాబడికి ఆదాయపుపన్ను లేదు. 1922 చట్టము అవిభక్త కుటుంబమును ఒక్క వ్యక్తివలె లెక్కించినది. 1932 భాగస్వామ్య చట్టము, అవిభక్త కుటుంబముగ వృత్తి నడుపువారు భాగస్వాములు కారని స్పష్టముగ చెప్పినది. భాగస్వామ్యము ఒడంబడికచే వచ్చును గాని పుట్టుకచే రాదట. 2017 నాటి వస్తుసేవల పన్ను చట్టములో వ్యవసాయదారుడనగా వ్యక్తి లేక హిందూ అవిభక్త కుటుంబము. తమ సొంత శ్రమచేతనో ఇంటివారి శ్రమచేతనో కూలివారిచేతనో సేద్యము చేయువారికి నమోదు అక్కఱలేదు. అన్నదమ్ములు ఒడంబడిక వ్రాసికొని సంస్థగ నేర్పడిరేని ఆ నిర్వచనమునుండి జాఱిపోదురు. కాగితము వ్రాసికొనువారు దీనిని తెలిసి వ్రాసికొనవలెను. తమ వంతులను తమలో వ్రాసికొనుట వేఱు, వ్యాపారసంస్థను స్థాపించుట వేఱు.

1984లో గ్రామ మునసబు, కరణముల పదవులు రద్దయినవి. లెక్క చావడి దాటి పాసుపుస్తకములోనికి, పిదప యంత్రములోనికి పోయినది. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన కిసాన్ సమ్మాన్ నిధి, ఏటికి 6000 రూపాయలను మూడు విడతలుగ రైతు బ్యాంకు ఖాతాలో వేయుచున్నది. ఈ పథకములో కుటుంబమనగా భర్త, భార్య, మైనరు పిల్లలు. ఆ నిర్వచనము ప్రకారము, కలిసియున్న ముగ్గురన్నదమ్ములు మూడు కుటుంబములే. కాని సొమ్ము భూమి లెక్కలోని పేరునుబట్టి వచ్చును. తండ్రి పేరనున్న పొలమును ముగ్గురు కొడుకులు సేద్యము చేసినను విడత ఒక్కటే. అదియు తండ్రి ఖాతాలోనే. నాడు ఇంటిలో నెన్ని పేర్లు తక్కువయైన అన్ని చిక్కులు తక్కువ యనుకొన్నవారే నేడు ప్రతి కోడలిచేతను మా పేరెక్కదేమని యడిగించుకొనుచున్నారు. మన్రో దొర గొలుసు మఱచిన గళ్లను ఇపుడు రెండువేల రూపాయల విడత గుర్తుచేయుచున్నది.

వేంపల్లె వైపున భూమి పంచుకొనిన అన్నదమ్ములు బావిని మాత్రము పంచుకొనరు. పంచుకొనుట సాధ్యము కాదు. నీటి వంతులను దినములుగ, జాములుగ లెక్కించుకొందురు. ఆ వంతులను ఏ సర్కారును వ్రాయలేదు; తప్పినవానిని ఊరెల్ల నెఱుగును. ఇపుడు బావి స్థానమున బోరు వచ్చినది. విద్యుత్తు సర్వీసు నంబరు ఒక్కని పేర నుండును.