చేను మారితే పిట్ట మారింది

అబ్బీ, ఆ కందికట్టె ఇంకో నాలుగు ఎగదోయి, మంట కిందికి పోతాంది. పాపా, నువ్వు ఇటు జరుగు, పొగ నీ కండ్లలోకే వస్తాంది. మీరు పొద్దున నుంచి దుర్బిణీలు మెడకేసుకోని గుట్టా వంకా తిరిగి, పుస్తకం నిండా పిట్టల పేర్లు రాసుకోని వచ్చినారు. మీ కాలంలో పిట్టల్ని చూసేవాళ్లు ఉన్నారా జేజీ అని అడిగితిరి. శానామంది ఉన్నిరి. పిట్టల్ని చూసేకని మాత్రం ఎవరూ పోయేవాళ్లు కాదు. చేను కాసేకి పోతే పిట్ట కనిపించేది, జీవాలు తోలుకోని పోతే కనిపించేది, చెరువుకట్ట మీద నడిస్తే కనిపించేది. పగలు చూసింది రాత్రి కల్లంలో మంట కాడ చెప్పుకునేవాళ్లం. అదే మా పిట్టల జట్టు.

ముందు చేను సంగతి చెప్తా. నా చిన్నప్పుడు ఈ ఎర్రనేలల్లో చెనిక్కాయ ఇంతగా లేదు. కొర్ర, సజ్జ, ఆరిక, జొన్న, ఉలవ, కంది, అనుములు. ఒకే చేన్లో నాలుగైదు రకాలు సాళ్లు సాళ్లుగా విత్తేవాళ్లు. వాన ముందొస్తే ఒకటి పండేది, వెనకొస్తే ఇంకోటి. మన నేలకు వానే తక్కువ గదా. నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే ఒలకబోసుకోని వస్తుంది, ఈశాన్య మేఘం తూర్పు కనుమలు దాటేసరికి సగమవుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే అదే మహాభాగ్యం. అందుకని మా పెద్దోళ్లు ఏ ఒక్క పంటనూ నమ్మేవాళ్లు కాదు.

వెన్నులో గింజ పాలు పోసుకుంటే ఆడపిల్లలందరికీ మంచె మీదే బడి. నేనూ, మా పెదనాయన కూతురూ, ఎదురింటి పాపా, ముగ్గురం మూడు చేన్ల మంచెల మీద. చేతిలో వడిసెల, ఒళ్లో మట్టి ఉండలు. తిని పోయిన వెన్నును బట్టి ఏ పిట్ట వచ్చి పోయిందో చెప్పేవాళ్లం. చిలక జొన్నకంకిని కొరికి సగం తిని సగం కింద పారేస్తుంది. పిచ్చుక కంకి మీదే కూర్చోని గింజ ఒలుచుకోని పొట్టు రాలుస్తుంది. సంక్రాంతి దాటినాంక గులాబిరంగు గోరింకలు గుంపులు గుంపులుగా దిగేవి, నల్లని తల, నల్లని రెక్కలు, నడుమ లేత గులాబి. అవి మధ్య ఆసియా దిక్కు నుంచి వస్తాయని నాకు అప్పుడు తెలీదు. జొన్నల మీద పడితే మాత్రం వడిసెల తిప్పేకి చేతులు చాలేవి కావు. తిట్టుకుంటూనే చూసేవాళ్లం. అవి మిడతల్ని కూడా అంతే ఆకలిగా తింటాయని మా నాయన అనేవాడు, అందుకే ఆయన మరీ గట్టిగా తరిమేవాడు కాదు.

మా చేని బావి మీదికి ఒక తుమ్మచెట్టు వంగి ఉన్నింది. వానాకాలంలో దాని కొమ్మలకు గిజిగాడి గూళ్లు యాలాడేవి. మగపిట్ట గడ్డిపోచలు చీల్చి తెచ్చి సగం గూడు అల్లుతుంది. ఆడపిట్ట వచ్చి, లోపలికి దూరి, ఊగి చూసి, నచ్చితే ఉంటుంది, నచ్చకపోతే పోతుంది. మగపిట్ట మళ్లా ఇంకోటి అల్లుకోవల్ల. మేం ముగ్గురం అది చూసి పడిపడి నవ్వేవాళ్లం. మమ్మల్ని అడిగి మాకు ఇల్లు చూసినోళ్లు ఎవరున్నారప్పా! పెండ్లి నాటికి నాకు పదిహేనేండ్లు, మొగుని ఇంటి వాకిలి ఎట్లుంటుందో కూడా తెలీదు.

పొద్దు కుంకినాంక కల్లం కాపలా. కుప్పలు నూర్చి ఇంటికి చేరేదాకా ఎవరో ఒకరు ఆడ పడుకోవల్ల. మా నాయన పోతే నేనూ వెంటబడి పోయేదాన్ని. ఆడికి మాకు బావ వరసయ్యే గొర్లాయన వచ్చేవాడు, చెరువు నీరుకట్టి తాత వచ్చేవాడు, బడి ఐవారు వచ్చేవాడు. ఒక్కొక్కరిది ఒక్కో రాజ్యం. బావకు బీడు తెలుసు, తాతకు నీళ్లు తెలుసు, ఐవారికి పుస్తకం తెలుసు. సలీం అలీ రాసిన పిట్టల పుస్తకం, 1941లో మొదట అచ్చయిందే, ఆయన దగ్గర ఉన్నింది. బొమ్మ చూపించి ఇదేంది అనేవాడు. ఆయన ఇంగ్లీషు పేరు చెప్తే, మేం మా పేరు చెప్పి, అది ఏం తింటుందో, యాడ గుడ్లు పెడుతుందో చెప్పేవాళ్లం. ఆయన పుస్తకం అంచుల్లో రాసుకునేవాడు.

బావ చెప్పిన వాటిల్లో ఒకటి నేను నమ్మలేదు. ఇసుకరంగు పావురాలంత పిట్టలు, పొద్దెక్కినాంక గుంపుగా కుంటకు వస్తాయి. మగపిట్ట నీళ్లలో దిగి, పొట్ట ఈకల్ని బాగ తడుపుకోని ఎగురుతుంది. గుట్ట అవతల ఎండలో ఉన్న పిల్లలు ఆ ఈకల్ని చీకి దప్పిక తీర్చుకుంటాయి. నిజమో అబద్ధమో చూపించమని నేను పంతం పట్టితే, ఒక ఎండాకాలం కుంట కాడికి తీసుకపోయినాడు. నీళ్లలో దిగింది, తడిసింది, పోయింది. పిల్లల్ని నేను చూడలేదు గానీ, ఆ తడుపుకోవడం కండ్లారా చూసినా. మీరు దాన్ని శాండ్‌గ్రౌజ్ అంటారంట. నీళ్లు దొరకని నేలలో పిల్లల్ని సాకాలంటే తెలివి ఉండల్ల, ఆ తెలివి దానికి ఉంది.

బట్టమేక పిట్ట సంగతి కూడా బావే చెప్పేవాడు. మనిషి నడుమెత్తు, మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఏడాదికి ఒకే గుడ్డు, అదీ బయట నేల మీద. గొర్రెల మంద అడుగు పడితే పోయినట్లే. అందుకని బావ అది తిరిగే బీట్లో మందను తిప్పేవాడు కాదంట. పక్కన కర్నూలు దిక్కు రోళ్లపాడులో దానికోసమే 1988లో అభయారణ్యం పెట్టినారు. అంతలోపలే మన దిక్కు బీళ్లు దున్ని చేన్లు చేసిరి. బావ మనవళ్లకు ఇపుడు బట్టమేక పేరు తెలుసు, పిట్ట తెలీదు.

ఇంకోటి ఉంది, కలివికోడి. అది మా కల్లంలో ఎవరమూ చూసింది కాదు. జెర్డాన్ అనే మదరాసు సైన్యం డాక్టరు 1848 కాలంలో దాన్ని కనుక్కున్నాడు. 1900లో క్యాంప్‌బెల్ అనే ఆయన మన అనంతపురం దిక్కే చూసినాడు. ఆ తర్వాత ఇంక లేదు, పోయింది అని అందరూ రాసేసిరి. 1986 జనవరిలో కడప జిల్లా సిద్దవటం దగ్గర మళ్లా దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ అనే ఆయన వచ్చి, బొమ్మ పట్టుకోని ఊరూరా అడిగినాడు. పెద్ద చదువులోళ్లు లేదన్న పిట్టను, రాత్రిళ్లు లైటు పట్టుకోని అడివిలో తిరిగే ఊరాయన ఒకడు ఎరుగును. అది రాత్రిపూట తిరిగే పిట్ట, పగలు పొదల్లో ఉంటుంది. పగలు వెదికేవాళ్లకు ఎట్ల దొరుకుతుంది? అందుకే మీరు ఏ ఊరికి పోయినా ముందు అడివిలో తిరిగేవాళ్లను, జీవాలు కాసేవాళ్లను పలకరించండి. వాళ్ల కండ్లు మీ దుర్బిణీలకన్నా ముందు నుంచి పనిచేస్తాండాయి.

నీరుకట్టి తాత రాజ్యం చెరువు. తూము ఎంత ఎత్తల్ల, ఏ మడికి ఎన్ని గంటలు నీళ్లు పోవల్ల, అదంతా ఆయన లెక్క. చెరువు మరువ పారిన ఏడు ఆయన ముఖం చూడల్ల మీరు! చలికాలం హిమాలయాల అవతల నుంచి బాతులు దిగేవి. కట్ట మీద కూర్చోని, ఈ ఏడు నీళ్లు ఏ నెల దాకా ఉంటాయో ఆ బాతుల్ని చూసి చెప్పేవాడు. నీళ్లు లోతుంటే ముణిగే బాతులు ఉంటాయి, తగ్గితే కాళ్లు పొడుగున్న కొంగలు దిగుతాయి.

కొంగలంటే ఇంక వీరాపురం సంగతి చెప్పల్ల. మా చిన్నమ్మను ఆ ఊరికే ఇచ్చినారు. చిలమత్తూరు దగ్గర, లేపాక్షికి దూరం కాదు, దాటితే కర్ణాటకం. 2022లో అనంతపురం జిల్లా విడదీసినప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది. ప్రతి ఏడూ చలి తగ్గేవేళకు ఆ ఊరి చింతచెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి. పసుపు ముక్కు, తెల్లని ఒళ్లు, తోక దగ్గర గులాబి. ఊరోళ్లు సైబీరియా పక్షులంటారు గానీ అవి ఈ దేశపు పక్షులే. ఇండ్ల మీదికి వంగిన కొమ్మల్లోనే గూళ్లు కట్టి, పిల్లల్ని చేసి, పిల్లలు ఎగిరినాంక వానాకాలంలో పోతాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన కూతుళ్లని అంటారు వాటిని. కొంగలొచ్చిన ఏడు వానలు బాగ పడతాయని ఒక నమ్మకం. వాటి జోలికి పోయినోళ్లను ఊరు ఊరకే వదలదు.

చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు, ఎండలు మొదలయ్యే కాలంలో పిల్లల్ని చేసుకోవడమేంది ఈ పిచ్చి పక్షులు అని. నీరుకట్టి తాత విప్పి చెప్పినాడు. చెరువు నిండుగా ఉంటే చేప ఎటైనా తప్పించుకుంటుంది. నీళ్లు తగ్గేకొద్దీ చేపలన్నీ మడుగుల్లోకి చేరతాయి. ఈ కొంగ ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి, కాలితో అడుగున కలుపుతూ నడుస్తుంది. చేప ముక్కుకు తగిలిందంటే పట్టేస్తుంది, కంటితో చూసే పని లేదు. పిల్లలకు ఎక్కువ తిండి కావల్సిన నెలల్లోనే చేప సులభంగా దొరుకుతుంది. మనకు కరువు కనిపించే చోట దానికి కాపు కనిపిస్తుంది. అయితే చెరువు ముందు నిండల్ల, తర్వాత తగ్గల్ల. అసలు నిండని చెరువులో తగ్గేకి ఏముంటుంది?

చింతచెట్టు కాపు రాల్చుకునే కాలమూ అదే, కొంగల గూళ్ల కాలమూ అదే. మా చిన్నమ్మ ఇంటి చెట్టుకు గూళ్లున్నన్ని నెలలు ఎవరినీ ఎక్కనిచ్చేది కాదు. కింద రాలిన కాయే ఏరుకునేది. వాకిట్లో చేపల నీసు వాసన, రెట్ట, పిల్లల అరుపులు. పెద్ద కొంగలకు గొంతు లేదు, ముక్కులు టకటకలాడిస్తాయి, పిల్లలు మాత్రం పగలంతా కేకలే. కొత్తగా వచ్చిన అల్లుడు తిండి సయించక పరుగెత్తినాడు. మా చిన్నమ్మ నవ్వి, అల్లుడు పోతే మళ్లా వస్తాడు, గూడు పడితే మళ్లా రాదు అనింది.

ఇవన్నీ ఒక్కరోజులో పోలేదు, పిల్లలారా. చెనిక్కాయకు ధర వచ్చింది. కొర్ర కూడు తినేవాళ్లను చిన్నచూపు చూసిరి, కోటా బియ్యం అగ్గువకొచ్చె. ఎవరిని తప్పు పడతాం? చేతికి రూపాయి కనపడేది చెనిక్కాయలోనే. మా ఇంట్లో పిల్లల చదువులు దాంతోనే అయినాయి. ఒక కాలంలో జిల్లాలో ఎనిమిది లక్షల హెక్టార్ల దరిదాపు అదే. దేశంలో ఇంకే జిల్లాలోనూ అంత లేదంట. కాయ నేలలో ఉంటుంది, వెన్ను పైన ఉండదు. పిచ్చుకకు, గిజిగానికి ఏముంది ఆడ? మంచెలు పోయె, వడిసెలలు పోయె. బోర్లు వచ్చినాంక మా తుమ్మచెట్టు కింది బావి ఎండిపోయింది, నీళ్ల మీదికి వంగిన కొమ్మంటేనే గిజిగానికి ఎక్కువ ఇష్టం.

ఎర్ర గొంగళి పురుగు కథ వినండి. తొలకరి వానకు నేలలో నుంచి రెక్కల పురుగులు లేస్తాయి, గుడ్లు పెడతాయి, గొంగళ్లు మొలక చేన్లను రాత్రికి రాత్రి నున్నగా మేస్తాయి. ఊరంతా చేన్లలో మంటలు పెట్టి ఆ రెక్కల పురుగుల్ని లాగి చంపేవాళ్లం. ఆ బొచ్చు పురుగును ముట్టే పిట్టలు తక్కువ. చాతకం మాత్రం ఇష్టంగా తింటుంది. వాన ముందర నల్లజుట్టు ఎగరేసుకోని వచ్చి అరిచే పిట్ట అదే. చేన్లో చెట్టుంటే అది వాలుతుంది. చెట్టు కొట్టి ఒకే పంట వేసి, మందుకొట్టేకి అప్పు చేసిన వాళ్ల చేన్లో అది యాడ వాలల్ల?

రాబందుల్ని కూడా చెప్పల్ల. కరువుల్లో ఊరి బయట పశువు పడితే, పొద్దుకల్లా ఎముకలు తెల్లగా మిగిలేవి. అంత గుంపుగా దిగేవి. ఆ తర్వాత పశువులకు డైక్లోఫినాక్ అనే నొప్పుల సూది వచ్చింది. ఆ పశువును తిన్న రాబందుకు కిడ్నీలు చెడతాయి. 2006లో పశువులకు ఆ మందు ఆపినారు, అప్పటికే దేశమంతా దాదాపు అయిపోయినాయి. ఊరిబయట ఇపుడు కుక్కల గుంపులే.

ఏడుపు కథలు చెప్పి మిమ్మల్ని పండుకోబెట్టను, ఇంకొంచెం కూర్చోండి. చెన్నేకొత్తపల్లి దిక్కు టింబక్టు కలెక్టివ్ అనే సంఘం వాళ్లు 1990లో మొదలుపెట్టి, పనికిరాదన్న బోడి భూమిని కాపాడినారు. కల్పవల్లి అని, చుట్టుపక్కల ఊర్లోళ్లే నిప్పు అంటకుండా, కొట్టకుండా కాచి, 7,000 ఎకరాల పైన అడివీ గడ్డీ మళ్లా లేపినారు. నేలను తాకకుండా వదిలితే ఈతచెట్లు, బోదగడ్డి వాటంతటవే వచ్చె. గడ్డి వస్తే పిట్ట, పిట్టతో పాటు నక్క, తోడేలు. కొర్ర, ఆరిక మళ్లా విత్తుతాండారు, వాటికి ఇపుడు పట్నంలో ధర కూడా ఉంది, మీ బెంగళూరులోనే కొంటాండారు గదా!

మా పెరడు చూసినారు గదా, ఏముంది ఆడ? ఒక దానిమ్మ, కరివేపాకు, కానుగ, తొట్టిలో నీళ్లు. పోయిన ఏడు నా మనవడు దొడ్డి అంచున నాలుగు సాళ్లు సజ్జ వేసి, కోయకుండా వదలమన్నాడు. కోడలు గొణిగింది, తిండిగింజలు పిట్టలకా అని. కంకులు ముదిరేసరికి పిచ్చుకలు దిగె, ఆ వెనకనే గిజిగాండ్లు. ఎన్ని ఏండ్లు కనపడని పిట్ట, నాలుగు సాళ్లకే దారి కనుక్కోని వచ్చె. ఈ ఏడు గొణిగిన కోడలే ఆరు సాళ్లు వెయ్యమంటాంది.

అందుకే ఒక మాట చెప్తా, వినండి. మీ పుస్తకంలో పిట్ట పేరు రాస్తారు, చోటు, టైము రాస్తారు. దాని పక్కన ఇంకో గీత కొట్టండి. ఆడ ఏ పంట ఉంది, చెరువులో నీళ్లు ఎంత ఉన్నాయి, చెట్టు ఏది, అది కూడా రాయండి. పది ఏండ్ల తర్వాత ఒక పిట్ట కనపడకపోతే, ఎందుకు పోయిందో అప్పుడు మీ పుస్తకమే చెప్తుంది. మా ఐవారు అంచుల్లో రాసుకునింది అదే. ఆయన పోయినాంక ఆ పుస్తకం యాడికి పోయిందో ఎవరికీ తెలీదు. మీరు మాత్రం రాసింది నలుగురికి ఇయ్యండి. ఇంగ లేయండి, రేపు తెల్లారకముందే చెరువు కాడికి పోవల్లంటిరి. అబ్బీ, సద్ది కట్టిస్తా, మూట మర్చిపోవద్దు.