నెగెటివ్ లేని కాలంలో ఇంటి ఫొటోలు

సికింద్రాబాద్‌లో 1886లో ఒక ఫొటో స్టూడియో వెలిసింది. పెట్టినవారు లాలా దీన్ దయాళ్. మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఇందోర్‌లో ఉద్యోగం చేస్తూ కెమెరా చేతపట్టిన మనిషి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా నియమించుకుని ‘రాజా ముసవ్విర్ జంగ్’ బిరుదిచ్చాడు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం దీన్ దయాళ్ హైదరాబాద్‌లో జనానా స్టూడియో కూడా తెరిచారు. దాని బాధ్యత ఒక ఆంగ్ల మహిళ చూసుకునేది.

దీన్ దయాళ్ 1905లో కన్నుమూశారు. తర్వాత సంస్థానమూ పోయింది, ఎన్నో దేవిడీలూ పోయాయి. అయినా ఆనాటి హైదరాబాద్‌ను మనం ఈరోజు కళ్లారా చూడగలుగుతున్నామంటే కారణం ఒక మామూలు వ్యాపార పద్ధతి. ప్రింటు ఫొటో దిగినవాళ్ల ఇంటికి వెళ్లేది, గాజు పలక మీది నెగెటివ్ స్టూడియోలోనే ఉండిపోయేది. ఆ స్టూడియో నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి. ఇంటి గోడ మీది పటాన్ని చెదలు తిన్నా, ఇంకోచోట దాని మూలం బతికే ఉంది.

ఫొటోగ్రఫీ చరిత్ర అనగానే కెమెరాలు ఎలా మారాయో చెప్పుకుంటాం. కాపీలు ఎలా మారాయో చెప్పుకోం. మన ఇంటి ఫొటోలకు ఇవాళ వచ్చిన ముప్పు అర్థం కావాలంటే ఆ రెండో కథే తెలియాలి.

ఒకే ఒక్క బొమ్మ

1839 ఆగస్టు 19న పారిస్‌లో డగేర్ కనిపెట్టిన విధానాన్ని లోకానికి వెల్లడించారు. వెండిపూత పూసిన రాగిరేకు మీద బొమ్మ అద్భుతంగా పడేది. కానీ ఆ రేకు ఒక్కటే బొమ్మ. గీత పడినా, చేజారి ఎవరికైనా పోయినా అంతే సంగతులు. రెండోది కావాలంటే మనిషి మళ్లీ వచ్చి కెమెరా ముందు కూర్చోవాల్సిందే.

ఇంగ్లండ్‌లో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ వేరే దారి పట్టాడు. 1835లో లాకాక్ అబ్బేలోని తన ఇంటి కిటికీని చిన్న కాగితం మీద నెగెటివ్‌గా పట్టుకున్నాడు. 1841లో కాలోటైప్ విధానానికి పేటెంటు తీసుకున్నాడు. డగేర్ రేకు పక్కన పెడితే టాల్బట్ బొమ్మ మసకే. అయితే ఒక నెగెటివ్ నుంచి ఎన్ని ప్రింట్లయినా తీసుకోవచ్చు. చివరికి గెలిచింది ఆ మసక బొమ్మ దారే. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజు పలక మీద నెగెటివ్ తీసే పద్ధతి చెప్పడంతో మసక కూడా పోయింది. అప్పటి నుంచి ఫిల్ము కెమెరాలు మూలపడేదాకా, నూట యాభై ఏళ్లపాటు, దాదాపు ప్రతి ఇంటి ఫొటో వెనకా ఒక నెగెటివ్ ఉంటూ వచ్చింది.

మన ఊళ్లలో నడివయసు దాటినవాళ్లకు దాని సంగతి చెప్పక్కర్లేదు. 36 ఫొటోల రీలు కడిగిస్తే స్టూడియో వాళ్లు ప్రింట్లతో పాటు గోధుమరంగు నెగెటివ్ ముక్కల్ని సన్నటి కవర్లో పెట్టి ఇచ్చేవారు. దాన్ని ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని, నల్లజుట్టు తెల్లగా కనబడే మొహాల్లో మేనమామ ఎవరో, బాబాయి ఎవరో పోల్చుకుని, అంచున ఉన్న నెంబరు చూసి ‘14ఎ ఇంకో రెండు కాపీలు, కార్డు సైజు’ అని చెప్పేవాళ్లం. ఒకటి అమ్మమ్మ గారింటికి, ఒకటి అత్తయ్య వాళ్లింటికి. పెళ్లి ఫొటోలైతే నెగెటివ్‌లు చాలామటుకు స్టూడియోలోనే ఉండేవి. ఎవరూ ముందుచూపుతో చేసిన పని కాకపోయినా, ఒకే ఫొటో మూడు నాలుగు ఇళ్లలో ఉండేది. ఒక ఇల్లు కాలినా, వరద వచ్చినా ఇంకో ఇంట్లో ఆ ఫొటో దొరికేది.

క్యాసెట్టులోకి దిగిన ఫొటో

1975లో అమెరికాలోని రోచెస్టర్‌లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ తొలి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. బరువు మూడున్నర కిలోల పైమాటే. స్పష్టత 0.01 మెగాపిక్సెల్. ఒక బొమ్మ మామూలు టేపు క్యాసెట్టులోకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఆ క్యాసెట్టును ఇంకో యంత్రంలో పెట్టి టీవీ తెర మీద చూడాలి. రీలు లేదు, కడగడం లేదు, కాగితమూ లేదు. ఫిల్ము అమ్ముకుని బతికే కొడాక్ ఆ కెమెరాను పక్కన పెట్టింది, 2012 జనవరిలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది.

ఆ 23 సెకన్లలో జరిగిన మార్పు ఇంకొకటుంది. నెగెటివూ ప్రింటూ కలిసి ఒకే ఫైలు అయిపోయాయి. నిజానికి ఫైలుకు కాపీ తీయడం నెగెటివ్‌కు తీయడం కంటే ఎంతో సులువు, పైగా నూరో కాపీ కూడా మొదటిదాని అంత శుభ్రంగా ఉంటుంది. చిక్కల్లా, ఇదివరకు ప్రింటు కోసం వెళ్తే కాపీ దానంతటదే ఇంకోచోట మిగిలేది. ఇప్పుడు ఎవరో ఒకరు పనిగట్టుకుని తీస్తే తప్ప మిగలదు. పిల్లవాడి అన్నప్రాశన, నాన్నగారి షష్టిపూర్తి, గృహప్రవేశం అన్నీ ఒక్క ఫోనులో, ఒక్క జేబులో తిరుగుతున్నాయి.

బాలింత ఇంట్లో బతికిన సినిమా

పెద్ద కంపెనీలకూ ఈ పాఠం తేలిగ్గా రాలేదు. 1998లో కాలిఫోర్నియాలోని పిక్సార్ స్టూడియోలో ‘టాయ్ స్టోరీ 2’ యానిమేషన్ జరుగుతోంది. ఎవరో కంప్యూటరుకు ఫైళ్లన్నీ తుడిచిపెట్టే ఆదేశం ఇచ్చారు. చూస్తుండగానే కథానాయకుడు వుడీ టోపీ మాయమైంది, బూట్లు మాయమయ్యాయి, ఆఖరికి వుడీయే లేడు. పరుగెత్తి యంత్రాన్ని ఆపేసరికి సినిమాలో చాలా భాగం పోయింది. బ్యాకప్ టేపులు ఉన్నాయి కదా అని తెరిచి చూస్తే, అవి కొన్ని వారాలుగా సరిగా రికార్డే కావడం లేదు. ఆ మాట అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

సాంకేతిక పర్యవేక్షకురాలు గాలిన్ సుస్మన్ ఆ రోజుల్లో బాలింత. ఇంటి నుంచి పనిచేయడానికి సినిమా మొత్తం కాపీ ఒకటి ఇంటి కంప్యూటరులో పెట్టుకుంది. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీట్లో సీటుబెల్టు కట్టి కూర్చోబెట్టి, మెల్లగా నడుపుకుంటూ స్టూడియోకి తెచ్చారు. పని మళ్లీ మొదలైంది, 1999లో సినిమా విడుదలైంది. ఈ ఉదంతంలో రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. తెరిచి చూడని కాపీని నమ్మకూడదు. ఇంకో కప్పు కింద ఉన్న కాపీయే ఆదుకుంటుంది.

నీళ్లు, పాస్‌వర్డులు

2011 మార్చి 11 సునామీ తర్వాత జపాన్‌లో శిథిలాల మధ్య సైనికులు, అగ్నిమాపక సిబ్బంది, వాలంటీర్లు ఫొటోలు ఏరారు. మియాగి రాష్ట్రంలోని యమమోతో అనే చిన్న పట్టణంలోనే దాదాపు ఏడున్నర లక్షలు దొరికాయి. ఉప్పునీటి బురదను ఒక్కొక్క ఫొటో మీంచి మెత్తగా కడిగి, దండేలకు క్లిప్పులు పెట్టి ఆరబెట్టి, స్కాన్ చేసి సొంతదారుల కోసం వెతికారు. కొన్నిటిలో మొహాలు అప్పటికే కరిగిపోయాయి. తడిసిన ప్రింటు మీది జిలాటిన్ పొరను బ్యాక్టీరియా తినేస్తుంది.

మనకూ నీళ్లు కొత్త కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటి ఇంట్లో బీరువాలోని ఆల్బం, బల్ల మీది కంప్యూటరు, సొరుగులోని హార్డ్ డిస్క్ మూడూ ఒకే నీటిలో మునుగుతాయి. కాపీలు మూడున్నా లాభం సున్నా.

క్లౌడ్ ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. కానీ దాని షరతులు మారుతుంటాయి. గూగుల్ ఫొటోస్ 2015లో ఎన్ని ఫొటోలైనా ఉచితం అంటూ వచ్చింది, 2021 జూన్ 1 నుంచి ఆ సౌకర్యం ఆపింది. ఇప్పుడు మెయిల్‌తో సహా అన్నిటికీ కలిపి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. రెండేళ్లు వాడని ఖాతాలను తీసేయడం 2023 డిసెంబరు నుంచి మొదలుపెట్టింది. పైగా ఫోనూ క్లౌడూ సింక్ అయి ఉంటే, ఫోనులో డిలీట్ చేసింది అక్కడా పోతుంది. ఇంటి పెద్ద పోయాక పాస్‌వర్డు తెలియక ఫొటోలన్నీ తాళం వెనక ఉండిపోవడం ఇంకో కష్టం. గూగుల్, ఆపిల్ ఖాతాల్లో మన తర్వాత ఎవరు తెరవవచ్చో ముందే పేరు ఇచ్చే ఏర్పాటుంది. మనలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

వాట్సాప్ గ్రూపులో ఉన్నాయనే ధీమా కూడా వద్దు. మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ వంటి వివరాలు రాలిపోతాయి. డాక్యుమెంటుగా పంపితేనే అసలు ఫైలు చేరుతుంది.

ఇంటర్నెట్ నిర్మాతల్లో ఒకరైన వింట్ సెర్ఫ్ 2015 ఫిబ్రవరిలో అమెరికాలోని శాన్ హోసేలో శాస్త్రవేత్తల సభలో డిజిటల్ ఫొటోల గురించి హెచ్చరించారు. ముఖ్యమనుకున్న ఫొటోలను కాగితం మీద ప్రింటు తీసుకోండి అన్నారు. గూగుల్‌లో ఉన్నతోద్యోగిగా ఉంటూ ఆయన అన్న మాట ఇది.

మూడు, రెండు, ఒకటి

పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఇప్పుడు కంప్యూటరు రంగమంతా వాడుతోంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇల్లు దాటి వేరేచోట. ఆలోచిస్తే స్టూడియోల కాలంలో మనకు తెలియకుండా నడిచింది ఇదే. కాబట్టి మళ్లీ ఆ ఏర్పాటు చేసుకోవడం కష్టం కాదు. ఒక కాపీ ఫోనులోనో కంప్యూటరులోనో, ఒకటి ఇంట్లోని హార్డ్ డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో. క్లౌడ్ ఇష్టం లేకపోతే ఇంకో డిస్క్ అన్నయ్య ఇంట్లోనో, అమెరికాలో ఉన్న అమ్మాయి దగ్గరో ఉంచండి. పెన్‌డ్రైవ్‌ను ఏళ్ల తరబడి దాచడానికి నమ్మకండి, కరెంటు తగలకుండా పడి ఉంటే అందులోని సమాచారం క్రమంగా చెడిపోవచ్చు. హార్డ్ డిస్క్‌నూ ఏడాదికోసారి తెరిచి చూసి, నాలుగైదేళ్లకు కొత్తదానిలోకి మార్చండి. పాత ఆల్బంలను స్కాన్ చేయించండి, ఎవరు ఎవరో చెప్పగల పెద్దవాళ్లు ఉండగానే పేర్లు రాయించండి.

సంక్రాంతికి ఎలాగూ అందరూ ఒకచోట చేరతారు. వచ్చేటప్పుడు డిస్క్ ఒకటి తెచ్చుకోమని చెప్పండి, వెళ్లేటప్పుడు ఇంటి ఫొటోలన్నీ అందులో వేసి పంపండి. ఏ ముప్పై ఫొటోలు పోతే తట్టుకోలేరో అవి ఎంచి ఈ వారమే ప్రింటు తీయించి, రెండు ఇళ్లలో ఉంచండి.