కుంభకోణము టౌన్ హైస్కూలులో ఒక బహుమానము

వార్షికోత్సవమునాడు పందిరి క్రింద బల్లపై పేర్చిన పుస్తకములు, పేరు పిలువగానే బెదరుచు లేచి వచ్చు పిల్లలు, వెనుక వరుసలలో కూర్చుండి తమ బిడ్డ పేరు వచ్చునా యని చెవియొగ్గి యుండు తలిదండ్రులు: ఈ దృశ్యము నెరుగని కుటుంబ ముండదు. ఆ పుస్తకములలో పెక్కు అట్ట తెరువబడకయే బీరువా చేరుననుట వేరు సంగతి. 1904వ సంవత్సరమున కావేరీ తీరమందలి కుంభకోణములో నొక హైస్కూలు తన విద్యార్థికి గణితమునందు అట్టి బహుమాన మొకటి యొసగెను. గ్రహీత శ్రీనివాస రామానుజన్. ఆనాడు ప్రధానోపాధ్యాయుడు పలికిన మాట నేటికిని చెప్పుకొనబడుచున్నది.

ఆ మాట విలువ తెలియవలెనన్న ఆనాటి ప్రైవేటు హైస్కూళ్ల స్థితి కొంత ఎరుగవలయును. 1854 నాటి వుడ్ విద్యాపత్రము ననుసరించి ప్రభుత్వము, తాను నడుపు పాఠశాలలకే గాక, ప్రజలును మిషనరీలును స్థాపించిన పాఠశాలలకు కూడ సహాయద్రవ్య మీయ నారంభించెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయ మేర్పడెను. దాని మెట్రిక్యులేషను పరీక్ష కళాశాలలకును, పెక్కు సర్కారు కొలువులకును ద్వారమయ్యెను. ఏ హైస్కూలునుండి ఎందరు నెగ్గిరన్న లెక్కనుబట్టి ఊరిలో దాని పరువు నిలిచెడిది. 1864లో స్థాపితమైన కుంభకోణము టౌన్ హైస్కూలు ఈ లోకమునకు చెందినదే. ఇట్టి చోట్ల మెప్పు పొందువాడు సాధారణముగా అన్ని విషయములందును సమముగా మార్కులు తెచ్చు బాలుడు.

రామానుజన్ తండ్రి బట్టల దుకాణములో గుమాస్తా. 1897 నవంబరులో జరిగిన ప్రైమరీ పరీక్షలో బాలుడు తంజావూరు జిల్లాకు ప్రథముడుగా వచ్చెను. అందుకు ఫలముగా టౌన్ హైస్కూలులో సగము జీతముతో చదువుకొను వెసులుబాటు కలిగెను. పాఠశాలకు చెల్లించు ఫీజునే ఆ దినములలో జీతమనెడివారు. గుమాస్తా ఇంటిలో ఏ వెండి పతకమైనను ఇంత గౌరవమును తేజాలదు. కాని బాలునికి గౌరవమన్న మరియొక లెక్క. ఆ చిన్ననాటనే ఒక గణిత పరీక్షలో తనకు 45కు 42 మార్కులును, స్నేహితునికి 43 మార్కులును రాగా, ఆ ఒక్క మార్కు కొరకు రామానుజన్ స్నేహితునితో మాటలాడుట మానెనట.

హైస్కూలులో అతనికి యోగ్యతాపత్రములు లభించెను. ఆంగ్ల కవుల సంపుటములు బహుమానములుగా వచ్చెను. గణితములో మునిగిన బాలునికి కవితా గ్రంథములు! బహుమతులు ఎన్నుకొను పెద్దలకు అంతకు మించి తోచలేదు కాబోలు. అయితే పాఠశాల అతనికి చేసిన నిజమైన గౌరవము వేదికపై జరిగినది కాదు. దాదాపు 1,200 మంది విద్యార్థులు, సుమారు 35 మంది ఉపాధ్యాయులు గల ఆ పాఠశాలకు కాలపట్టిక కూర్చుట తలనొప్పితో కూడిన పని. ఒక ఉపాధ్యాయుడు ఒకే గంటలో రెండు తరగతులలో నుండరాదు. ఏ తరగతియు ఉపాధ్యాయుడు లేక యుండరాదు. గణితోపాధ్యాయుడు గణపతి సుబ్బయ్యరు ఆ పనిని రామానుజన్ చేతిలో పెట్టెను. పెద్దలు చేయవలసిన పనిని నమ్మి పిల్లవాని కప్పగించుట ఏ యోగ్యతాపత్రమునకు తీసిపోవును?

1903 డిసెంబరులో అతడు మెట్రిక్యులేషను నెగ్గెను. మరుసటి యేట బహుమతి ప్రదానోత్సవములో కె. రంగనాథరావు పేరిట గల గణిత బహుమానము అతనికి దక్కెను. ప్రధానోపాధ్యాయుడు కృష్ణస్వామి అయ్యరు సభకు అతనిని పరిచయము చేయుచు, ఈ విద్యార్థికి నూటికి నూరు మార్కులిచ్చినను చాలదని, అతని యోగ్యత ఆ కొలతకు లొంగదని ప్రకటించెను. మార్కులే ఊపిరిగా బ్రతుకు సంస్థకు అధిపతియైనవాడు, నిండు సభలో, తన కొలబద్ద చాలదని యొప్పుకొనెను. దాని కాయన ఏ నిబంధనను వెదకి చూడనక్కరలేకపోయెను.

ఆ యేడే రామానుజన్ ఊరిలోని ప్రభుత్వ కళాశాలలో ఎఫ్.ఏ. తరగతి చేరెను. ఆంగ్లములోను గణితములోను ప్రావీణ్యమునకు ఇచ్చు సుబ్రహ్మణ్యం విద్యార్థివేతనము అతనికి లభించెను. బహుమాన మొకసారి చేత బెట్టిన పిమ్మట తిరిగి తీసికొనబడదు. విద్యార్థివేతనము అట్టిది కాదు. గణితము తప్ప వేరొకటి చూడనందున ఆంగ్లములో తప్పెను, వేతనము పోయెను. తల్లి కోమలతమ్మాళ్ ప్రిన్సిపాలు వద్దకు పోయి గట్టిగా వాదించెను. ఆయన మర్యాదగనే విని, నిబంధన నిబంధనయే యనెను. ఇందు ప్రిన్సిపాలును నిందించుట సులభము. కాని ఎదుట కూర్చున్న తల్లి కొరకు ఒక నియమమును సడలించినచో రేపు వచ్చు వేరొక తల్లికి ఏమి చెప్పవలయునో కచేరీలలో పనిచేసినవారికి తెలియును.

1905 ఆగస్టులో ఆ యువకుడు ఇల్లు విడిచి విశాఖపట్టణము చేరెను. బాలుడు కనబడుట లేదని సెప్టెంబరులో హిందూ పత్రికలో ప్రకటన వచ్చెను. తరువాత మద్రాసులో పచ్చయప్ప కళాశాల; 1907లో ఎఫ్.ఏ. తప్పుట; ఆపై చేతిలో నోటుపుస్తకములతో పెద్దల యిండ్ల చుట్టు తిరుగుట. 1910 చివర నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు ఆ పుస్తకములు చూచి, తన స్వంత ధనమునుండి నెలకు 25 రూపాయలిచ్చి పోషించెను. 1912 మార్చి 1వ తేదీన రామానుజన్ మద్రాసు పోర్టుట్రస్టులో 30 రూపాయల జీతముపై గుమాస్తాగా చేరెను.

1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీకి అతడు వ్రాసిన లేఖ ప్రసిద్ధము. ఆ తరువాత మద్రాసు విశ్వవిద్యాలయములో అతనికి పరిశోధనవేతన మీయవలెనన్న ప్రస్తావన వచ్చినప్పుడు పాత చిక్కే మరల ఎదురయ్యెను: ఎం.ఏ. పట్టము లేనివానికి నియమము ఒప్పదు. ఈసారి సిండికేటులోని న్యాయమూర్తి యొకరు విశ్వవిద్యాలయ శాసనపు పీఠికను తెరచి, పరిశోధనను పెంపొందించుట సంస్థకు విధియని చూపెను. నిబంధనను మీరక, దానికన్న పైదైన నిబంధనను చూపి పని సాధించుట యనునది ఇదియే. నెలకు 75 రూపాయల చొప్పున రెండేండ్లకు వేతనము మంజూరై, 1913 మే 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. టౌన్ హైస్కూలు వేదికమీద కృష్ణస్వామి అయ్యరు ఆ మాట పలికి అప్పటికి తొమ్మిదేండ్లు గడచెను.