కాలా అజార్ తగ్గాక చర్మంలో మిగిలేదేమిటి?

ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రికి బిహార్ నుంచి వచ్చే కొందరి ఒంటిపై తెల్లమచ్చలు, బుడిపెలు ఉంటాయి. చూడగానే కుష్ఠు అనిపిస్తుంది. కానీ అది పీకేడీఎల్. ఎప్పుడో నయమైన కాలా అజార్ తాలూకు పరాన్నజీవి లీష్మేనియా డోనొవాని చర్మంలో మిగిలిపోవడం వల్ల వస్తుంది. 1922లో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి దీన్ని వర్ణించారు. ఆసుపత్రి ఆవరణలోనే ఉన్న ఐసీఎంఆర్ పాథాలజీ సంస్థ దీనిపై చాలాకాలం పరిశోధించింది.

ఇసుక ఈగ కుట్టినప్పుడు ఒంట్లోకి చేరిన ఈ జీవిని మాక్రోఫేజ్ అనే రక్షణ కణం మింగుతుంది. సూక్ష్మజీవుల్ని అరాయించుకోవడమే ఆ కణం పని. విచిత్రంగా అది కాపురం పెట్టేదీ అక్కడే. పైపొరలోని ఎల్‌పీజీ (వంటగ్యాస్ కాదు, ఒక చక్కెర-కొవ్వు అణువు) సాయంతో, కణంలోని జీర్ణసంచి సిద్ధం కాకుండా కాస్త ఆలస్యం చేస్తుంది. ఈలోగా ఆమ్లాన్ని తట్టుకునే గుండ్రటి రూపంలోకి మారిపోతుంది. మరోవైపు ఐఎల్-10 అనే సంకేతం పెరిగి, చంపమని చెప్పే ఇంటర్‌ఫెరాన్-గామా ప్రభావాన్ని అణచేస్తుంది.

పీకేడీఎల్‌లో సాధారణంగా జ్వరం ఉండదు, నొప్పీ ఉండదు. అందుకే చాలామంది ఆలస్యంగా వస్తారు. వారిని కుట్టిన ఈగ మాత్రం వ్యాధిని మరొకరికి అంటించగలదు. బ్లాకు స్థాయిలో 10,000 మందికి ఒకటికన్నా తక్కువ కేసులన్న లక్ష్యాన్ని దేశం 2023లో అందుకుంది. ఆ లెక్కలో పీకేడీఎల్ రోగులు లేరు.