శ్రీసభ – రక్షణ: ఒక సూత్రానికి మారిన అర్థం

“శ్రీసభ వెలుపల రక్షణ లేదు” అనేది కతోలిక బోధనలో ఎంతో చర్చకు గురైన సూత్రం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత విస్తరించిన హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల్లో పలు మతాలవారు ఒకే కార్యాలయంలో పనిచేస్తున్నారు. పక్క సీటులోని ఇతర మతస్థునికి రక్షణ ఉందా? ఈ విషయంలో కతోలిక శ్రీసభ జవాబు తెలియాలంటే ఆ సూత్రం చరిత్రను పరిశీలించాలి.

3వ శతాబ్దంలో కార్తేజ్ పీఠాధిపతి సిప్రియన్ ఈ మాట అన్నప్పుడు ఆయన దృష్టిలో ఉన్నది సంఘం నుంచి చీలిపోయిన క్రైస్తవులు. 1442లో ఫ్లోరెన్స్ మహాసభ దీనిని యూదులకు, ఇతర క్రైస్తవేతరులకు కూడా వర్తింపజేసింది. సువార్త అందరికీ చేరిందనీ, నమ్మనివారు కావాలనే తిరస్కరించారనీ అప్పటి ఐరోపాలో చాలామంది భావించేవారు. 1492 తరువాత అమెరికా ప్రజల గురించి తెలియడంతో, క్రీస్తు పేరే విననివారి గతి ఏమిటన్న ప్రశ్న వేదాంతుల ముందు నిలిచింది. 1949లో బోస్టన్‌లో లియోనార్డ్ ఫీనీ అనే గురువు ఈ సూత్రానికి చెప్పిన కఠినమైన అర్థాన్ని రోము తిరస్కరించింది.

రెండో వాటికన్ మహాసభ 1964 నవంబరు 21న ‘లూమెన్ జెన్షియుమ్’ పత్రాన్ని వెలువరించింది. దాని ప్రకారం శ్రీసభ రక్షణకు అవసరమే. అయితే తమ తప్పు లేకుండా సువార్త ఎరుగక, అంతరాత్మ చెప్పినట్లు దేవుని వెదికేవారు కూడా రక్షణ పొందగలరు. అదే పత్రంలో మరో హెచ్చరిక ఉంది: జ్ఞానస్నానం పొంది సభలో ఉన్నా ప్రేమలో నిలవనివారికి రక్షణ లేదు. అంటే సభ్యత్వం ఒక్కటే చాలదు.

తెలుగు క్రైస్తవులలో దళితులు అధిక సంఖ్యలో ఉన్నారు కనుక ఈ రెండో మాట మనకు ముఖ్యం. శ్రీసభ లోపల కూడా దళితులపట్ల వివక్ష ఉందని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో తన విధాన పత్రంలో అంగీకరించింది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ ఆయనే. ఇది గొప్ప మార్పే. కాని ఒక్క పదవితో వివక్ష తొలగదు. వెలుపలివారి గతిని నిర్ణయించడానికి వాడిన సూత్రం నేడు లోపలివారి నడతను ప్రశ్నిస్తోంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1442, 1964 నాటి బోధనల మధ్య తేడాను, దానికి గల కారణాలను వివరించండి.